నమాజు వరుసలో నిలిచిన లార్డ్ హెడ్లీ

ఇంగ్లాండులో ఇస్లాం గురించి మాట వచ్చినప్పుడల్లా మన పెద్దలు తప్పక తలచుకునే పేరు లార్డ్ హెడ్లీ. 1913లో ఇస్లాం స్వీకరించిన ఆంగ్ల ప్రభువు ఆయన. మన హైదరాబాదుతోనూ ఆయనకు సంబంధం ఉంది. ఆయన బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభ సభ్యుడని చాలామంది చెబుతుంటారు. అపార సంపన్నుడని మరికొందరు అంటారు. ఈ రెండు మాటలూ సరికావు. పేరుకు ముందు లార్డ్ అని ఉన్నా ఆ సభలో ఆయనకు కుర్చీ లేదు. ఇక సంపద సంగతి చెప్పాలంటే, ఒక దశలో ఆయన దివాలా కూడా తీశారు.

మరి లార్డ్ అంటే ఏమిటి? కుర్చీ లేని ప్రభువు, డబ్బు లేని ప్రభువు ఎలా ఉంటారు? ఇది తెలుసుకోవాలంటే బ్రిటిష్ బిరుదుల లెక్క కొంత తెలియాలి. అందుకే ఈ వారం హెడ్లీ గారి జీవితంతో పాటు ఆ బిరుదుల కథను కూడా మేము పాఠకుల ముందుంచుతున్నాము. ఆ లెక్క తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ మనకు అర్థమవుతుంది.

ఇంజనీరు విన్ గారు

ఆయన అసలు పేరు రోలండ్ జార్జ్ అలన్సన్ విన్. 1855 జనవరి 19న జన్మించారు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ స్కూలులో, తర్వాత కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చదివారు. బాక్సింగ్ అంటే ఆయనకు మహా ఇష్టం. 1889లో బాక్సింగ్‌పైన, 1890లో మరొకరితో కలిసి కత్తిసాము, కర్రసాములపైన పుస్తకాలు రాశారు. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరు. 1890లలో కాశ్మీరులో రోడ్ల నిర్మాణంలో పనిచేశారు. ముస్లింల జీవితాన్ని దగ్గర నుంచి చూసే అవకాశం ఆయనకు తూర్పు దేశాలలో గడిపిన ఆ కాలంలోనే కలిగింది. ఆ తర్వాత ఐర్లండులో సముద్రపు కోతకు గురయ్యే తీరాలను కాపాడే పనిలో పేరు తెచ్చుకున్నారు. 1899లో వివాహం చేసుకున్నారు. కుమారులు కలిగారు.

అప్పటికి ఆయన లార్డ్ కాదు, వట్టి విన్ గారు. బిరుదు వారి కుటుంబంలో ఉన్నా అది ఆయన పెదనాన్న చిన్నాన్నల శాఖలో ఉండేది. అంటే యాభై ఏడేళ్ళు వచ్చేవరకు ఆయన తన చేతిపనితో బతికిన మనిషి. ఈ విషయం గుర్తుంచుకోవాలని పాఠకులను కోరుతున్నాము.

ఐదు మెట్లు

బ్రిటిష్ బిరుదులలో ఐదు అంతస్తులున్నాయి. పైనుంచి కిందికి లెక్కిస్తే డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. ఈ ఐదుగురినీ కలిపి పీర్లు అంటారు. అన్నింటిలో పాతది ఎర్ల్. నార్మన్ రాజులు 1066లో ఇంగ్లాండును జయించక ముందే అక్కడ ఎర్ల్‌లు ఉండేవారు, ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రాంతాన్ని ఏలేవారు. నార్మన్లు వచ్చాక రాజు నుంచి నేరుగా భూమి పొంది, అందుకు బదులుగా యుద్ధానికి సైనికులను పంపేవారిని బ్యారన్లు అన్నారు. మొదటి డ్యూక్‌ను 1337లో మూడవ ఎడ్వర్డ్ రాజు చేశాడు. ఆ డ్యూక్ ఎవరో కాదు, ఆయన పెద్ద కొడుకే. మార్క్వెస్ 1385లో, వైకౌంట్ 1440లో వచ్చాయి. డ్యూక్‌ను ప్రత్యేక మర్యాదతో పిలుస్తారు. మిగిలిన నలుగురినీ మామూలు మాటలలో లార్డ్ అనే అంటారు. కనుక లార్డ్ అని విన్నంత మాత్రాన ఆ మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో తెలియదు.

ఈ ఐదు మెట్ల కింద మరో రెండు మెట్లున్నాయి. ఒకటి బ్యారొనెట్. 1611లో మొదటి జేమ్స్ రాజుకు ఐర్లండులో సైన్యాన్ని పోషించడానికి డబ్బు అవసరమైంది. ముప్పై మంది సైనికులను మూడేళ్ళు పోషించే ఖర్చు, అంటే సుమారు 1095 పౌండ్లు చెల్లించినవారికి ఆయన ఈ కొత్త బిరుదు ఇచ్చాడు. బ్యారొనెట్ బిరుదు కొడుక్కు సంక్రమిస్తుంది, పేరుకు ముందు సర్ అంటారు, అయినా అతను పీర్ కాడు. రెండవది నైట్. ఆయననూ సర్ అంటారు గాని ఆ బిరుదు ఆయనతోనే పోతుంది.

నిజాం కాలం ఎరిగిన కుటుంబాలకు ఇదేమీ కొత్త కాదు. హైదరాబాదు దర్బారులోనూ జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జా అంటూ మెట్లుండేవి. సాలార్ జంగ్, వికారుల్ ఉమ్రా, ఆస్మాన్ జా అని మనం పేర్లుగా చెప్పుకునేవి నిజానికి బిరుదులే. అయితే హైదరాబాదు బిరుదు సాధారణంగా పాలకుడు ఆ మనిషికి ఇచ్చే గౌరవం. బ్రిటిష్ పీర్ బిరుదు రక్తంతో వచ్చేది.

అది వచ్చే తీరు కూడా చూడండి. బిరుదును పంచడానికి వీల్లేదు. తండ్రి పోతే పెద్ద కొడుకుకే మొత్తం దక్కుతుంది. రెండవ కొడుకుకు, మూడవ కొడుకుకు ఏమీ రాదు. చాలా బిరుదులు కూతుళ్ళకు అసలు రావు. కొడుకులు లేకపోతే తమ్ముడినీ, ఆ తర్వాత పినతండ్రి బిడ్డలనూ వెతుక్కుంటూ పోతుంది. వారసత్వంలో కొడుకులందరికీ, కూతుళ్ళకూ, తల్లికీ, భార్యకూ వాటా నిర్ణయించిన ధర్మాన్ని పాటించే మనకు ఇది వింతగానే తోస్తుంది.

ఐర్లండు బిరుదు

మెట్లు ఐదు ఉన్నట్లే శాఖలు కూడా ఐదు ఉన్నాయి. ఇంగ్లాండు రాజ్యపు బిరుదులు ఒక శాఖ. స్కాట్లాండువి మరో శాఖ. 1707లో ఈ రెండు రాజ్యాలూ కలిసి గ్రేట్ బ్రిటన్ అయ్యాక ఇచ్చినవి మూడవ శాఖ. ఐర్లండు బిరుదులు నాలుగవది. 1801లో ఐర్లండు కూడా కలిసి యునైటెడ్ కింగ్‌డమ్ ఏర్పడ్డాక ఇచ్చినవి ఐదవది.

ఐర్లండు శాఖకు ఒక చిక్కు ఉంది. 1801కి ముందు ఐర్లండుకు సొంత పార్లమెంటు, సొంత ప్రభువుల సభ ఉండేవి. విలీనంతో అవి పోయాయి. ఐర్లండు పీర్లందరినీ లండన్ సభలోకి తీసుకోలేదు. వారిలో వారు 28 మందిని జీవితకాలానికి ఎన్నుకుని పంపుకోవచ్చన్నారు. మిగిలినవారికి పేరు మిగిలింది, కుర్చీ పోయింది. అయితే ఆ మిగిలినవారు బ్రిటన్‌లోని నియోజకవర్గాల నుంచి కామన్స్ సభకు పోటీ చేయవచ్చు. బ్రిటన్ ప్రధానమంత్రిగా పనిచేసిన లార్డ్ పామర్‌స్టన్ ఐర్లండు వైకౌంట్. అందుకే ఆయన లార్డ్ అయి ఉండి కూడా కామన్స్ సభలోనే కూర్చున్నారు.

హెడ్లీ బిరుదు సరిగ్గా ఈ శాఖకు చెందింది. 1797లో జార్జ్ విన్ అనే ఆయనకు ఐర్లండు బ్యారన్‌గా ఈ బిరుదు లభించింది. కెర్రీ జిల్లాలోని అగడో అనే ఊరి పేరు ఆ బిరుదులో కలిసి ఉంది. అది అక్కడి నుంచి తరతరాలుగా దిగి వచ్చి, 1913 జనవరిలో నాలుగవ బ్యారన్ మరణించడంతో ఆయన దాయాది అయిన మన ఇంజనీరు విన్ గారిని చేరింది. దానితో పాటు బ్యారొనెట్ బిరుదులు కూడా వచ్చాయి. ఐదు మెట్లలో చివరి మెట్టు, అందులోనూ కుర్చీ లేని శాఖ. లార్డ్ హెడ్లీకి పుట్టుకతో దక్కినది ఇంతే.

ఇస్లాం స్వీకారం

అదే సమయంలో లండన్‌కు ముప్పై మైళ్ళ దూరం కూడా లేని వోకింగ్ అనే ఊరిలో మూతపడి ఉన్న ఒక మస్జిద్ తలుపులు తెరుచుకున్నాయి. 1889లో భోపాల్ పాలకురాలు షాజహాన్ బేగం ఇచ్చిన ధనంతో డాక్టర్ లైట్నర్ అనే పండితుడు దానిని కట్టించాడు. దాని పక్కనే ఉన్న ఇంటికి మన సాలార్ జంగ్ పేరు పెట్టారు. 1899లో లైట్నర్ మరణించాక ఆలనా పాలనా లేక అది దాదాపు మూతపడింది. 1912లో ఇంగ్లాండు వచ్చిన లాహోరు న్యాయవాది ఖ్వాజా కమాలుద్దీన్ 1913లో అక్కడ మళ్ళీ అజాన్ వినిపించేలా చేశారు. హెడ్లీ ఆయనను కలిశారు. ఆ సంవత్సరం నవంబరులో తాను ముస్లింనని బహిరంగంగా ప్రకటించారు. షేక్ రహమతుల్లాహ్ అల్ ఫారూఖ్ అనే పేరు స్వీకరించారు.

పత్రికలలో పెద్ద కలకలం రేగింది. ఎవరో ఒక తూర్పు దేశపు మనిషి ఆయనను మాయచేశాడని కొందరు అన్నారు. హెడ్లీ ఆ మాట ఒప్పుకోలేదు. ఇవి చాలా ఏళ్ళ ఆలోచనతో తనకు తానుగా చేరుకున్న నమ్మకాలని, ఎవరి ఒత్తిడీ లేదని చెప్పారు. దేవుడొక్కడే అన్న మాట తన మనసుకు ఎప్పటి నుంచో సరిపోయిందని, దేవునికీ మనిషికీ మధ్య మరొకరు అవసరం లేదన్న బోధ తనను ఆకట్టుకుందని వివరించారు. 1914లో పశ్చిమ దేశాలలో ఇస్లాం పట్ల మేలుకొలుపు గురించి ఒక పుస్తకం కూడా రాశారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఒక్క ఏడాది ముందు ఇంజనీరు విన్ గారు కలిమా చదివి ఉంటే ఏ పత్రికా పట్టించుకునేది కాదు. విశ్వాసం అదే, మనిషీ ఆయనే. పేరుకు ముందు లార్డ్ అన్న మాట చేరేసరికి లోకం తలతిప్పి చూసింది. హెడ్లీ ఈ సంగతి బాగా ఎరిగినట్లే కనిపిస్తారు. తన బిరుదు ఒక తలుపును తెరవగలదని తెలుసుకుని, దానిని ఆ పనికే వాడారు. 1914లో బ్రిటిష్ ముస్లిం సొసైటీ ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులయ్యారు. ఇస్లాం పరదేశీయుల మతమని, ఆంగ్లేయునికి సరిపడదని అనేవారికి ఆయన ఉనికే జవాబుగా నిలిచింది.

బిరుదుగల ఇతర ముస్లింలు

ప్రభువుల సభలో నిజంగా కూర్చున్న మొదటి ముస్లిం వేరొకరు. ఆయన ఆల్డర్లీకి చెందిన మూడవ లార్డ్ స్టాన్లీ. దౌత్య ఉద్యోగం చేసిన ఆయన హెడ్లీ కంటే యాభై ఏళ్ళ ముందే ఇస్లాం స్వీకరించారు. 1869లో తండ్రి మరణంతో బ్యారన్ అయ్యారు. వారిది 1839లో ఇచ్చిన యునైటెడ్ కింగ్‌డమ్ శాఖ బిరుదు. కనుక కుర్చీ తనంతట తానే వచ్చింది. 1903 డిసెంబరులో మరణించేవరకు ఆయన ఆ సభ సభ్యుడు. ఇద్దరూ బ్యారన్లే, ఇద్దరూ ముస్లింలే. ఒకరికి సభలో చోటుంది, మరొకరికి లేదు. తేడా అంతా బిరుదు ఏ రాజ్యం పేరున పుట్టిందన్న దానిలోనే ఉంది.

1923లో వోకింగ్‌లో సర్ ఆర్చిబాల్డ్ హామిల్టన్ ఇస్లాం స్వీకరించి అబ్దుల్లాహ్ అయ్యారు. ఆయన బ్యారొనెట్, అందుకే సర్. 1933లో హజ్ చేసిన ఎవెలిన్ కాబోల్డ్ గారిని లేడీ ఎవెలిన్ అంటారు. ఆమె ఒక ఎర్ల్ కుమార్తె. ఎర్ల్ కూతురి పేరుకు ముందు లేడీ అని చేర్చడం అక్కడి మర్యాద. అది పిలుపు మాత్రమే, ఆమె పీర్ కారు. ఈ పేర్లు చదివేటప్పుడు సర్, లేడీ, లార్డ్ అన్నవి ఒకే గౌరవం కావని మన పిల్లలకు చెప్పడం మంచిది.

యుద్ధమూ, మస్జిదు కోరికా

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తుర్కీ బ్రిటన్‌కు శత్రు పక్షంలో చేరింది. ఖలీఫా ఉన్న దేశంతో తమ రాజు యుద్ధం చేస్తుంటే ఆంగ్ల ముస్లింల పరిస్థితి ఎంత ఇరకాటంలో పడిందో ఊహించవచ్చు. హెడ్లీ తన దేశానికి విధేయుడిగానే ఉన్నారు, విశ్వాసాన్నీ వదలలేదు. ఆ యుద్ధంలో మన దేశం నుంచి వెళ్ళిన ముస్లిం సైనికులు వేల మంది బ్రిటన్ తరఫున పోరాడారు. గాయపడి ఇంగ్లాండు ఆస్పత్రులలో కన్నుమూసిన కొందరిని వోకింగ్ దగ్గర ఖననం చేశారు. 1916లో హెడ్లీ భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్‌కు లేఖ రాశారు. సామ్రాజ్యం కోసం ప్రాణాలిచ్చిన ముస్లింల జ్ఞాపకంగా లండన్‌లో ప్రభుత్వ ధనంతో మస్జిద్ కట్టాలని అందులో కోరారు. ఆ కోరిక అప్పుడు నెరవేరలేదు. ఆయన మాత్రం దానిని మరచిపోలేదు.

ఇంట్లో కష్టాలు, కాబా దర్శనం

1919లో ఆయన భార్య మరణించింది. 1921లో బార్బరా బెయింటన్ అనే ఆస్ట్రేలియా రచయిత్రిని వివాహమాడారు. ఆ కాపురం సాఫీగా సాగలేదు. ఐర్లండులో అప్పుడు అంతర్యుద్ధం నడుస్తున్నది. పాత జమీందారీల రాబడి పడిపోయింది. 1922లో హెడ్లీ దివాలా తీశారు. బిరుదు ఉన్నవాడికి డబ్బు ఉండి తీరాలని లేదు. బిరుదును అమ్ముకోవడానికీ వీల్లేదు, కుదువ పెట్టుకోవడానికీ వీల్లేదు.

ఆ మరుసటి సంవత్సరమే, 1923లో, అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన ఖ్వాజా కమాలుద్దీన్‌తో కలిసి హజ్ యాత్రకు వెళ్ళారు. హిజాజ్ రాజు హుసేన్ వారికి స్వాగతం పలికారు. రాజు చేతి మర్యాదలు ఎలా ఉన్నా, హజ్‌కు వెళ్ళినవారు ధరించేది కుట్టని రెండు తెల్లని వస్త్రాలే. ఇహ్రాంలో ఉన్న మనిషి డ్యూకో, బ్యారనో, కూలీయో చూసేవారికి తెలియదు. ఐదు మెట్ల సమాజంలో పుట్టిన మనిషికి అరఫాత్ మైదానంలో ఆ సమానత్వం ఎలా తోచి ఉంటుందో పాఠకులే ఆలోచించాలి.

1925 ప్రాంతంలో అల్బేనియా దేశపు సింహాసనం ఆయనకు ఇవ్వజూపారని పత్రికలు రాశాయి. ఆయన దానికి ఒప్పుకోలేదు. ఆ దేశం ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశమే. బ్యారన్‌గా ఉండి రాజు కావడం అంటే ఐదు మెట్లనూ ఒక్కసారిగా దాటడమే. అయినా ఆయన బ్యారన్‌గానే ఉండిపోయారు.

నిజాం ఇచ్చిన విరాళం

ఆయన మనసులో ఉన్నది మస్జిద్. దానికోసం ప్రయాణాలు చేశారు. 1926లో దక్షిణాఫ్రికా వెళ్ళారు. ఆ తర్వాత మన దేశానికి వచ్చారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లండన్ మస్జిద్ కోసం 60 వేల పౌండ్లు ఇచ్చారు. ఆ రోజులలో అది చాలా పెద్ద మొత్తం. 1928లో లండన్ నిజామియా మస్జిద్ ట్రస్టు ఏర్పడింది. ఆ కాలంలోనే ఇంగ్లాండుకు చెందిన మరో ముస్లిం మార్మడ్యూక్ పిక్తాల్ హైదరాబాదులో చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాలుగా పనిచేసి, ఖుర్ఆన్ ఆంగ్లానువాదం పూర్తి చేశారు. ఆయనకు ఏ బిరుదూ లేదు. వోకింగ్‌కూ హైదరాబాదుకూ మధ్య ఆనాడు అలాంటి బాట ఉండేది.

మస్జిద్ కోసం వెస్ట్ కెన్సింగ్టన్‌లో స్థలం కొన్నారు. కట్టడం మాత్రం హెడ్లీ కళ్ళ ముందు మొదలు కాలేదు. 1935 జూన్ 22న, ఎనభై ఏళ్ళ వయసులో ఆయన మరణించారు. వోకింగ్‌కు దగ్గరలోని బ్రూక్‌వుడ్ ఖబ్రస్తాన్‌లో ముస్లింల భాగంలో ఆయనను ఖననం చేశారు. మరుసటి సంవత్సరం పిక్తాల్ కూడా అక్కడికే చేరారు. తర్వాత ఖుర్ఆన్‌ను అనువదించిన అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ కూడా 1953లో అక్కడే విశ్రమించారు. ఒక బ్యారన్, ఒక ఉపాధ్యాయుడు, ఒక మాజీ ఐసీఎస్ అధికారి ఒకే నేలలో, ఖిబ్లా దిక్కుకు ముఖం చేసి ఉన్నారు.

హెడ్లీ పోయిన రెండేళ్ళకు, 1937 జూన్ 4, శుక్రవారం నాడు నిజాం పెద్ద కుమారుడు ఆజమ్ జా ఆ స్థలంలో మస్జిద్‌కు శంకుస్థాపన చేశారు. రెండవ ప్రపంచ యుద్ధం రావడంతో అక్కడ కట్టడం ముందుకు సాగలేదు. కానీ హెడ్లీ 1916లో అడిగిన మాట వృథా కాలేదు. 1940లో బ్రిటన్ మంత్రివర్గం లండన్ మస్జిద్ స్థలం కోసం లక్ష పౌండ్లు కేటాయించింది. 1944లో రీజెంట్స్ పార్కు దగ్గర ఇస్లామీ సాంస్కృతిక కేంద్రాన్ని ఆరవ జార్జ్ రాజు ప్రారంభించారు. 1977లో అక్కడ పెద్ద మస్జిద్ పూర్తయింది. విత్తనం వేసినవారు పంట చూడలేదు. పంట మాత్రం పండింది.

బిరుదు ఏమైంది?

బిరుదు హెడ్లీ పెద్ద కొడుకుకు వెళ్ళింది. ఆయన తర్వాత తమ్ముడికి వచ్చింది. ఆ తమ్ముడు 1994లో మరణించగానే వారసుడు లేక ఆ బిరుదు అంతరించింది. 1797లో మొదలై 1994లో ముగిసింది. అంటే 197 ఏళ్ళ ఆయుష్షు. ఈలోగా బ్రిటన్‌లోనే పుట్టుకతో వచ్చే బిరుదుల బలం తగ్గుతూ వచ్చింది. 1958 చట్టంతో కొడుకుకు సంక్రమించని, జీవితకాలానికే పరిమితమైన పీర్లు వచ్చారు. అందులో స్త్రీలకూ చోటు దక్కింది. 1999 చట్టంతో వంశపారంపర్య పీర్లలో చాలామంది ప్రభువుల సభ నుంచి వెళ్ళిపోయారు. కుర్చీ లేని లార్డ్ అనేది ఒకప్పుడు ఐర్లండు శాఖకు ఉన్న చిక్కు. ఆ చట్టంతో అది డ్యూక్‌లకూ ఎర్ల్‌లకూ కూడా వచ్చింది.

హెడ్లీ గారి జీవితాన్ని చదివేటప్పుడు మేము రెండు విషయాలు గమనించాము. ఆయనకు పుట్టుకతో దక్కినది చాలా చిన్నది, అదీ అనుకోకుండా వచ్చింది. తానుగా ఎంచుకున్నది విశ్వాసం. మొదటిదాన్ని రెండవదాని సేవలో పెట్టారు. మనలో కూడా కొందరికి ఖాన్ బహాదుర్ తాతలున్నారు, జాగీర్దారు ముత్తాతలున్నారు. పెళ్ళి సంబంధాల వేళ ఆ పేర్లు ఇప్పటికీ వినబడుతుంటాయి. ఆ పేర్లు చెప్పుకోవడంలో తప్పు లేదు. ఆ పేరుతో మనం ఏ తలుపు తెరిచాము, ఎవరికోసం తెరిచాము అన్నదే లెక్కలోకి వస్తుంది.

ఈ రోజు జుమా నమాజుకు నిలబడినప్పుడు పక్కనున్న మనిషి భుజం మన భుజానికి తగులుతుంది. ఆయన ఏ మెట్టు మీదివాడో అడగకుండానే నిలబడతాము. నూరేళ్ళ కిందట వోకింగ్ మస్జిద్‌లో అలాగే నిలబడిన ఒక బ్యారన్‌ను ఆ క్షణంలో తలచుకుందాము. అల్లాహ్ ఆయనను కరుణించుగాక.